ఎలీసమ్మ చేసిన బల్ల రొట్టె

అద్దంకి దాటి ఆరు మైళ్లు వెళితే వచ్చే ఆ ఊళ్లో, నెలకోసారి మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర విరిచే రొట్టె ఇరవై రెండేళ్లపాటు తోమా చేతిదే. తోమా అద్దంకిలో ఒక బేకరీలో బట్టీ మాస్టరు. వారమంతా ఊరి జనానికి బన్నులూ రస్కులూ కాల్చేవాడు. శనివారం మాత్రం పొద్దుండగానే ఇంటికొచ్చి, స్నానం చేసి, పెరట్లో తన చేత్తో కట్టుకున్న చిన్న మట్టి బట్టీ రాజేసి బల్లకి రొట్టె చేసేవాడు. భార్య ఎలీసమ్మ పక్కన పీట వేసుకుని పత్తికట్టె అందించేది. ఆమె పని అంతే.

పోయిన సెప్టెంబరులో తోమా బేకరీలో బట్టీ ముందే కూలబడ్డాడు. ఆస్పత్రి దాకా కూడా రాలేదు.

సమాధి చేసిన మూడో రోజు శనివారం. ఆ మర్నాడే బల్ల. పాస్టరుగారి భార్య కబురు పంపింది, ఈ నెలకి రొట్టె కొట్లో తెప్పిస్తాం, నువ్వేమీ పెట్టుకోకు అని. ఎలీసమ్మ లేచి చేతులు కడుక్కుని పిండి కలిపింది. ఎన్నడూ కలిపిన చెయ్యి కాదు. కానీ ఇరవై రెండేళ్లు చూసిన కళ్లు. రొట్టె బాగానే వచ్చింది. అప్పట్నించి ఆ పని ఆమెకి వచ్చేసింది, ఎవరూ అప్పజెప్పకుండానే.

ఎలీసమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అయిదో తరగతితో బడి మానేసి తల్లి వెంట మిరపకాయ కోతకి పోయింది. పెళ్లయ్యాక ఇల్లే లోకం. లేకలేక పుట్టిన ఒక్క కూతురు షారోన్. పధ్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా ఆ పిల్ల ఎండిపోతూ వచ్చింది. తిన్నది వంటబట్టదు. కడుపులో నొప్పి, మొహం తెల్లగా పాలిపోవడం. నులిపురుగులన్నారు, దిష్టన్నారు, రక్తం తక్కువన్నారు. చివరికి జనవరిలో ఒంగోలు తీసుకెళితే అక్కడ డాక్టరమ్మ గొట్టం వేసి చూసి సంగతి తేల్చింది.

"గోధుమలో ఉండే జిగురు మీ పాప పేగుకి పడదమ్మా. గోధుమపిండి, మైదా, ఉప్మారవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్టు ఏదీ వద్దు. కొట్లో ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారు, అదీ వద్దు. గోధుమలు పట్టిన మరలో పట్టిన వేరే పిండి కూడా వద్దు."

"ఎన్నాళ్లండీ?"

"ఎన్నాళ్లని లేదు. ఎప్పటికీ."

తిరిగొచ్చే బస్సులో షారోన్ తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎలీసమ్మకి మాత్రం తోమా రోజూ సాయంత్రం తెచ్చే కాగితం పొట్లం కళ్లముందు నిలబడింది. బిడ్డకని రెండు బన్నులు. పిల్ల పాలిపోతోందని ఆ రెండూ మూడు చేశాడు మనిషి. తెలియకుండా పోవడమే నయమైందని ఒక మైలురాయి దగ్గర అనుకుంది. తెలిసి ఉంటే ఏదో ఒక దారి చూసేవాడని ఇంకో మైలురాయి దగ్గర అనుకుంది. ఆ పొట్లం మాట షారోన్‌తో అనలేదు. ఎవరితోనూ అనలేదు.

గోధుమ మానేశాక పిల్ల కోలుకుంది. బుగ్గలు వచ్చాయి. కానీ ఎక్కడికి వెళ్లినా వెంట ఒక స్టీలు డబ్బా వెళ్లాలి. పెళ్లిలో అందరూ పూరీ తింటుంటే తను డబ్బా మూత తీయాలి. స్నేహితురాలి పుట్టినరోజున కేకు పంచుతుంటే తను జంతిక కొరుక్కోవాలి. పాపం ఏమయిందమ్మా అని ప్రతివాళ్లూ అడగడం, తను చెప్పడం.

ఆ ఏడు మట్టలాదివారం నాడు షారోన్‌కి బాప్తిస్మం. పై వారం ఈస్టరు పండగ. ఆ రోజు మొదటిసారి పెద్దవాళ్లతో పాటు బల్లలో చెయ్యి వేసి రొట్టె తీసుకుంటుంది. మార్చి మొదట్లో ఒక పొద్దున తల్లి జడ వేస్తుంటే షారోన్ అడిగింది.

"అమ్మా, ఈస్టరుకి కూడా నా డబ్బా నేను తెచ్చుకోవాలా?"

ఎలీసమ్మ చెయ్యి ఆగింది.

"క్రిస్టీనా అంది, నీకు వేరే గిన్నెలో ఇస్తార్లేవే అని." క్రిస్టీనా ఆ పిల్ల తరగతిదే. ఇద్దరికీ ఒకే రోజు బాప్తిస్మం.

"వేరే గిన్నె లేదు," అంది ఎలీసమ్మ. "అందరికీ ఏ రొట్టో నీకూ అదే. నేను చేస్తాగా."

చెప్పడం తేలికే. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గర నోరు విప్పేసరికి సంఘపెద్ద సాల్మన్ మాస్టారు అక్కడే ఉన్నాడు. ఊరి బళ్లో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి దిగిన మనిషి. ఇప్పటికీ ఎవరు మాట్లాడినా తప్పు దిద్దేవాడిలా తల పక్కకి వంచి వింటాడు.

"చూడమ్మా ఎలీసమ్మా, మన చర్చిలో బల్ల మీద కత్తి పెట్టే అలవాటు లేదు. ముక్కలు కోసి తెచ్చి పంచే అలవాటూ లేదు. ఒకటే రొట్టె. అయ్యగారు రెండు చేతులా పైకెత్తి విరిస్తే రెండుగా విరగాలి. గోధుమ కాకుండా ఏ పిండితో చేసినా అది పొడిపొడి అవుతుంది. పండగ పూట తెల్లగుడ్డ మీద పిండి రాలితే బాగుంటుందా? మీ అమ్మాయికి కావాలంటే ఒక చిన్న బిళ్ల చేసి తీసుకురా. పక్కన పళ్లెంలో ఇద్దాం."

"పక్కన వద్దండి," అంది ఎలీసమ్మ నేల చూస్తూ.

పాస్టరుగారు చిన్నవాడు, మెతక మనిషి. మధ్యేమార్గం చెప్పాడు. "మట్టలాదివారం ముందు శుక్రవారం ప్రార్థనలో ఒకటి చేసి తెండమ్మా, విరిచి చూద్దాం. విరిగితే పండక్కి అదే పెడదాం. లేదంటే అందరికీ కొట్లోది తెప్పించి, పాపకి మాస్టారు చెప్పినట్టు పక్కన పళ్లెంలో ఇద్దాం."

ఎలీసమ్మ మొదట బియ్యప్పిండితో మొదలుపెట్టింది. రొట్టె కాల్చే పాత రేకులకి మైదా అంటుకుని ఉంటుందని కొత్త రేకు కొంది. తోమా కలిపినట్టే ఈస్టు పోసి కలిపింది, తోమా పిసికినట్టే పిసికింది, తడిగుడ్డ కప్పి తోమా ఆగినంతసేపూ ఆగింది. బట్టీలోంచి తీసిన దాన్ని అరుగు మీద పెడితే ఠంగుమంది.

పక్కింటి కొండమ్మ మిరప కళ్లంలో తొడాలు తీసి అప్పుడే వచ్చింది. దాన్ని చేతిలో ఎగరేసి చూసింది. "వదినా, మా మరిది ఇల్లు మొదలెట్టాడు. ఇలాంటివి ఇంకో రెండువేలు చేసి పెట్టవే, ఇటుక ఖర్చు కలిసొస్తది."

రెండోసారి నీళ్లు ఎక్కువ పోస్తే పొంగి, మళ్లీ కూలిపోయి, మధ్యలో గుంట పడింది. మూడోది తీస్తుండగానే నాలుగు చెక్కలయింది. ఇక జొన్నలైతే కాస్త పట్టు ఉంటుందనుకుని నాలుగు సేర్లు ఏరి, కడిగి, ఎండబెట్టి, నెత్తిన పెట్టుకుని అబ్దుల్లా మరకి వెళ్లింది.

అబ్దుల్లా షెడ్డులో రెండు మరలు. ఒకదాంట్లో గోధుమలు, బియ్యం, శనగపప్పు. రెండోది ఒక్క కారానికే. ఊరంతా కళ్లాల్లో మిరపకాయ ఎర్రగా పరుచుకుని ఉండే రోజులు. ఆ మర పొద్దున మొదలైతే పొద్దుగూకే దాకా ఆగదు.

"ఆ మరలో వద్దు అబ్దుల్లా, గోధుమ పడతావు. ఈ రెండోదాంట్లో పట్టు."

"అక్కా, అది కారం మర."

"గోధుమ పట్టలేదుగా?"

"కారం మరలో గోధుమెందుకు పడతానక్కా. కారం అంటుద్ది నీ పిండికి."

"దులుపు."

అబ్దుల్లా దులిపాడు. రెండు సేర్లు నూకలు పోసి ఆడించి పారబోశాడు. కాటా దగ్గర కూర్చున్న అతని భార్య గుల్షన్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తీసుకుపో అక్కా. నీ రొట్టెలోకి ఇక కూర చెయ్యక్కర్లా."

ఎలీసమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆమె భయమంతా గోధుమ గురించే. పిండి కొంచెం ఎరుపు తిరిగి ఉంటే జొన్న రంగే అనుకుంది. కలుపుతుంటే తుమ్ములొచ్చాయి. ఆ కాలంలో ఆ ఊళ్లో తుమ్మని మనిషెవరు? రుచి చూసి ఉంటే తెలిసేది. కానీ బల్లకి చేసే రొట్టె ముందుగా నోట పెట్టకూడదని తోమా నియమం. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అతను తప్పలేదు, ఆమె ఇప్పుడు తప్పదు.

శుక్రవారం ప్రార్థన పాస్టరుగారింటి వసారాలో. పాతిక మంది ఆడవాళ్లు, చాప మీద షారోన్, కుర్చీలో మాస్టారు. పాస్టరుగారు రొట్టె ఎత్తి విరిచాడు. సగం విరిగింది. మిగతా సగం జలజలా చాప మీద రాలింది.

"చూశారా," అన్నాడు మాస్టారు. అయినా న్యాయమైన మనిషి. రుచైనా చూసి మాట్లాడాలి కదా అని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

రెండుసార్లు నమిలాడు. తర్వాత కళ్లజోడు తీశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మంచినీళ్లు," అన్నాడు మెల్లగా. ఒక చెంబు తాగి, రెండో చెంబు తాగి, అప్పుడు ఎలీసమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇది బల్లకి చేశావా, బజ్జీల కొట్టుకి చేశావా?"

వసారా అంతా నవ్వింది. కొండమ్మయితే గోడకి ఆనుకుని మరీ నవ్వింది. షారోన్ కూడా నవ్వింది.

"ఇక చాలమ్మా," అన్నాడు మాస్టారు. "నీ కష్టం దేవుడు చూశాడు. పండక్కి కొట్లో చెప్పేస్తాను."

"ఇంకా వారం ఉంది మాస్టారూ," అన్నాడు పాస్టరుగారు. "వచ్చే శనివారం దాకా చూద్దాం. అప్పటికీ కాకపోతే అలాగే."

ఇంటికొస్తుంటే దారంతా షారోన్ మాస్టారి మొహం తలుచుకుని నవ్వుతూనే ఉంది. గుమ్మం దగ్గరికి వచ్చాక నవ్వు ఆగింది. "పోనీలే అమ్మా. డబ్బా తెచ్చుకుంటాలే. నాకు అలవాటేగా."

వసారాలో పాతికమంది నవ్వినప్పుడు ఎలీసమ్మకి ఏమీ కాలేదు. ఈ మాటకి మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. అలవాటేగా అనడానికి దానికి పధ్నాలుగేళ్లు.

పొద్దున నానబోసిన మినప్పప్పు ఉంది. పిల్లకి ఆకలి. రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, మూకుడులో నూనె పోసి దిబ్బరొట్టె వేసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలింది. ఇంట్లో వారానికి రెండుసార్లు చేసేదే. పనిలో పనిగా ఏడ్చింది కూడా. వాసన వచ్చి మూత తీసేసరికి అడుగు ఎర్రగా, అంచులు కరకరలాడుతూ ఉంది. పళ్లెంలో వేసి ఇచ్చింది.

కొండమ్మ అప్పుడే వచ్చి గడప మీద కూర్చుంది. "మాస్టారింటికి మజ్జిగ పంపాలంట, ఏమన్నా ఉందా వదినా?"

"నువ్వూ తిను అత్తా," అని షారోన్ వేడివేడి రొట్టెని రెండు చేతులా పట్టుకుని విరిచింది. కాలుతోందని చేతులు మార్చుకుంటూ సగం కొండమ్మకి ఇచ్చింది.

ఎలీసమ్మ అది చూసింది. పైన పెళ్లున విరిగింది. లోపల తెల్లగా, దూదిలా సాగి విడిపోయింది. పళ్లెంలోకి చూసింది, కింద నేల మీదికి చూసింది.

"ఏదీ, ఇంకోసారి విరువమ్మా."

షారోన్ విరిచింది.

"కొండమ్మా, కింద ఏమన్నా రాలిందేమో చూడు."

"దిబ్బరొట్టె రాలటమేంటే, మతిపోయిందా నీకు?"

ఎలీసమ్మ పీట మీద కూర్చుంది. నెలరోజులుగా తను చేసిందంతా అర్థమైంది. బియ్యప్పిండి తెచ్చి దాన్ని తోమా రొట్టె కమ్మంది. జొన్నపిండి తెచ్చి దాన్నీ తోమా రొట్టె కమ్మంది. ఆ పిండికి ఆ పని రాదు. తన చేతికి పదేళ్లప్పట్నించి వచ్చిన రొట్టె ఒకటుంది. అది టిఫిననీ, పచ్చడితో తినేదనీ అనుకుందే గాని, బల్లకి పనికొస్తుందని తోచనే లేదు.

అక్కడితో అయిపోలేదు. ఇంటి మూకుడులో అయ్యేది నలుగురికి. చర్చిలో డెబ్బైమంది. కొండమ్మ అటక మీంచి పెద్ద ఇనప మూకుడు దించి ఇసుక పెట్టి తోమింది. ఎలీసమ్మ మర మాటే ఎత్తలేదు. మినుములు తెచ్చి తనే నానబెట్టి పొట్టు తీసింది. బియ్యం కడిగి ఆరబెట్టి తిరగలిలో తనే విసిరింది. తిరగలి రెండో పక్క కొండమ్మ కూర్చుంది, విసిరినంతసేపూ తిడుతూనే.

"జీలకర్ర వెయ్యవా?"

"ఇది టిఫిను కాదు."

"అల్లం?"

"కొండమ్మా, నువ్వు విసురు."

సోమవారం వేసింది అడుగు బొగ్గు, నడుం పచ్చి. బుధవారం మూత మీద నిప్పులు పోస్తే పత్తికట్టె నిప్పు భగ్గుమని వెలిగి బూడిదైపోయింది. పైభాగం కాలనే లేదు. పొయ్యి సెగ కింద నుంచే వస్తుంది, ఇంత లావు రొట్టెకి నాలుగు వైపులా సెగ కావాలి. గురువారం పొద్దున ఎలీసమ్మ పెరట్లో తోమా బట్టీ ముందు కాసేపు నిలబడింది. తుమ్మ మొద్దులు వేసి రాజేసింది. మంట పోయి, ఎరుపు మిగిలి, గోడలు కాగాక నిప్పంతా బయటికి లాగింది. మూత గట్టిగా పెట్టిన మూకుడుని లోపలికి నెట్టి, వాకిలికి రేకు అడ్డం పెట్టి మట్టి మెత్తింది. ఇంత సేపని ఎవరూ చెప్పలేదు. వాసన మారినప్పుడు తీసింది.

శనివారం పొద్దున ఇంకొకటి అలాగే చేసి, గుడ్డలో చుట్టి పాస్టరుగారింటికి పట్టుకెళ్లింది. మాస్టారు ఈసారి తనే విరుస్తానన్నాడు. రెండు చేతులా పట్టి లాగాడు. పెళ్లున రెండయింది. లోపల్నించి ఆవిరి లేచింది. మాస్టారు బల్ల మీద అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచి, చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు.

"కారం లేదుగా?"

"లేదండి."

గోరంత తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇంకో గోరంత తుంచాడు. "ఇది దిబ్బరొట్టె కదమ్మా."

"అవునండి."

"దిబ్బరొట్టెని తీసుకొచ్చి ప్రభువు బల్ల మీద పెడతావా?"

ఎలీసమ్మ తలెత్తింది. "తోమా చేసింది బన్ను పిండే కదండీ మాస్టారూ. అదే మైదాతో అద్దంకి బజార్లో వారమంతా అమ్మేవాడు. బల్ల మీద పెట్టాక దాన్ని ఎవరైనా బన్నన్నారా?"

పాస్టరుగారు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. "ముప్పై ఏళ్లలో మా బళ్లో ఒక్క పిల్లా నన్నిలా ఎదురడగలేదు."

"నేను మీ బళ్లో అయిదు దాకానే చదివానండీ."

"ఆరు కూడా చదివుంటే ఏమయ్యేవాడినో," అని మాస్టారు మూడో ముక్క తుంచుకున్నాడు. "కొట్లో వద్దని చెప్పేస్తాలే."

ఈస్టరు తెల్లవారుజామున ఊళ్లో వాళ్లంతా సమాధుల తోటకి వెళ్తారు. సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. తోమా పోయాక వచ్చిన మొదటి ఈస్టరు అది. కానీ పిండి పొంగే వేళా, బట్టీ కాగే వేళా అదే. ఎలీసమ్మ కొవ్వొత్తి షారోన్ చేతికిచ్చింది.

"నువ్వు వెలిగించు. నాన్నకి చెప్పు, అమ్మకి పని ఉందని."

పాటలు తోటలోంచి పెరట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె బట్టీ గోడ మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ విన్నది.

తొమ్మిదింటికి చర్చి నిండింది. తెల్లచీరలు, మల్లెపూలు. బాప్తిస్మం తీసుకున్న ఏడుగురు పిల్లలూ ముందు వరసలో. షారోన్ పక్కన క్రిస్టీనా. ఎలీసమ్మ ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుంది, చేతుల మీద బట్టీ మసి ఇంకా పూర్తిగా పోలేదు. పాస్టరుగారు తెల్లగుడ్డ తీశాడు. ప్రార్థన చేశాడు. రొట్టె రెండు చేతులా పైకెత్తాడు.

ఎలీసమ్మ కళ్లు మూసుకుంది. పెళ్లుమన్న చప్పుడు వినిపించాక తెరిచింది. రెండు సగాలు రెండు చేతుల్లో. కింద గుడ్డ తెల్లగా ఉంది.

పళ్లాలు కదిలాయి. ముందు వరసకి పళ్లెం పట్టుకెళ్లింది సాల్మన్ మాస్టారే. క్రిస్టీనా తుంచుకుంది. అదే పళ్లెం షారోన్ ముందుకి వచ్చింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి తల్లి వంక ఒక్కసారి చూసి, తుంచుకుంది. అందరికీ అందేదాకా ఆగి, డెబ్బైమందీ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. ఎలీసమ్మ తన ముక్క నెమ్మదిగా నమిలింది. తోమా ఇరవై రెండేళ్లు బల్లకి రొట్టె చేశాడు. కానీ తన బిడ్డ తినగల రొట్టె బల్ల మీద పెట్టింది తనే. అది ఆమె ఎవరికీ చెప్పే మాట కాదు. ఒక్కసారి లోపల అనుకుని, బాగుందనుకుంది.

ఆరాధన అయ్యాక బయటికి రాగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు. పప్పెంత, రవ్వెంత, ఎంతసేపు నానాలి. ఎలీసమ్మ నోరు తెరిచేలోపు కొండమ్మ మొదలెట్టింది. "ఒకటికి రెండున్నర. తిరగలి తిప్పింది నేను, నన్నడగండి." మాస్టారు మెట్ల మీద నిలబడి, ఇకమీదట ప్రతి నెలా బల్లకి ఈ రొట్టే ఉంటుందనీ, మట్టి బట్టీకి కావలసిన తుమ్మ మొద్దులు సంఘమే తెస్తుందనీ పాఠం చెప్పినట్టు రెండుసార్లు చెప్పాడు.

వేపచెట్టు నీడలో పిల్లలు నిలబడ్డారు. క్రిస్టీనా అడుగుతోంది, "నీకెలా ఉందే?"

"నీకెలా ఉంది?" అంది షారోన్.

"పైన కరకర, లోపల మెత్తగా."

"నాకూ అంతే," అంది షారోన్.